నేల అబద్ధమాడదు

“అవతలివాడు భూమి అడుగున దొంగచాటుగా అణుబాంబు పేల్చి చూస్తే మనకెలా తెలుస్తుంది?” అణుపరీక్షల నిషేధానికి ఏళ్ల తరబడి అడ్డుపడ్డ ప్రశ్న ఇది. తనిఖీల దగ్గర అగ్రరాజ్యాలకు పొసగకనే 1963 ఒప్పందం భూగర్భ పరీక్షలను వదిలేసింది.

ఆ ముడి సగానికి పైగా విప్పింది భూకంప శాస్త్రజ్ఞులేనని నా అభిప్రాయం. 1976లో జెనీవా నిరాయుధీకరణ చర్చలకు తోడుగా పలు దేశాల నిపుణుల బృందం ఏర్పడింది. దేశదేశాల కేంద్రాల రికార్డులు ఒకచోట చేర్చి, భూకంపమేదో పేలుడేదో తేల్చే పద్ధతికి వారు ఏళ్లకేళ్లు కూర్చుని రూపమిచ్చారు. 1986లో అమెరికన్ శాస్త్రజ్ఞులు సోవియట్ అకాడమీతో మాట్లాడుకుని, సెమిపలాతిన్‌స్క్ పరీక్షాస్థలి చుట్టుపక్కల తమ యంత్రాలే అమర్చారు. ప్రత్యర్థి పెరట్లోనే చెవి ఒగ్గి కూర్చున్నారన్నమాట! ఇంత పునాది పడ్డాకే 1996లో సమగ్ర నిషేధ ఒప్పందం కాగితమెక్కింది.

అది నేటికీ అమల్లోకి రాలేదు. మన దేశం సంతకమూ చెయ్యలేదు. తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. చెవులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. 2006లో ఉత్తర కొరియా పేల్చిన చిన్న బాంబును ఎక్కడో ఉన్న బొలీవియా కేంద్రం సైతం పసిగట్టింది.

ఫిజిక్సు, జియాలజీ చదివే మిత్రులారా! బాంబు చేసినవాడి పేరు లోకమంతా ఎరుగును. దాని అదురు కనిపెట్టినవాడి పేరు ఎవరికీ పట్టదు. అయినా సంధి నిలిచేది ఆ రెండోవాడి లెక్క మీదనే. మనలో కొందరైనా ఆ పనికి పోవాలి.