తిమింగలం తోకకి ఏఐ జూమ్ వద్దు బాస్!

ఫోన్‌లో 100ఎక్స్ జూమ్ ఉంటే వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ అయిపోవచ్చా? న్యూజిలాండ్‌లోని కైకోరాలో వేల్ వాచింగ్ గైడ్ల పని చూస్తే నాకైతే అలా అనిపించట్లేదు. అక్కడి స్పెర్మ్ వేల్ మునిగిందంటే దాదాపు 45 నిమిషాలు, ఒక్కోసారి గంట దాకా కనిపించదు. దాన్ని వెతికేది కెమెరా కాదు, నీళ్లలోకి దించే హైడ్రోఫోన్. క్లిక్ శబ్దాలు ఆగాయంటే సాధారణంగా పైకి వస్తోందని లెక్క. పైన ఉండేది ఓ 10 నిమిషాలే. మళ్లీ మునిగేటప్పుడు తోక లేస్తుంది చూడండి, అసలు షాట్ అదే! ఆ తోక అంచున ఉండే గాట్లు, చిరుగులే దాని ఆధార్ కార్డు.

మన ఫోన్ ఏఐ ఆ మసక అంచుని తనకి తోచినట్టు నున్నగా గీసేస్తే? ఇన్‌స్టాకి ఓకే, గుర్తింపుకి మాత్రం పనికిరాదు. కంపెనీలూ, జూమ్‌లో ఏఐని పూర్తిగా ఆపే బటన్ ఇవ్వండి. బ్లర్ వచ్చినా పర్లేదు.