ఫొటో నేరమా, పేరు నేరమా?

నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నెలో చేపలరేవు పక్కన ఐసు వ్యాపారం చేసుకుని బతికే ఒక కుటుంబాన్ని ఇటీవల మేము కలిశాము. ఆ ఇంటి పెద్దావిడ ఉమ్రాకు బయలుదేరిన రోజున జరిగిన సంగతి ఇది. చక్రాల కుర్చీలో కూర్చున్న దాదీని, ఆమె లోపలికి వెళ్ళబోయే ముందు, విమానాశ్రయం ద్వారం దగ్గర మనవడు ఫోనులో ఒక ఫొటో తీశాడు. యూనిఫారంలో ఉన్న వ్యక్తి వచ్చి మొదట పేరు అడిగాడు. పేరు విన్నాక ఫోను అడిగాడు.

ఫోనులో దాదీ ఫొటో ఒక్కటే ఉండదు గదా! 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి జువ్వలదిన్నె రేవును ప్రారంభించినప్పుడు ఊరివాళ్ళు తీసుకున్నట్టే ఆ కుర్రవాడూ తీసుకున్న పడవల ఫొటోలున్నాయి, సముద్రంలోకి కట్టిన రాతిగోడ ఫొటోలున్నాయి. "రేవును ఎందుకు తీశావు? ఎవరికి పంపావు?" అనే ప్రశ్నలతో గంటన్నర గడిచింది. చివరికి ఫొటోలన్నీ చెరిపించి పంపించారు. వాటితోపాటు చనిపోయిన దాదా ఫొటోలు కూడా పోయాయి. దాదీ విమానం అందుకున్నారు గాని, మనవడికి సలాం చెప్పకుండానే లోపలికి వెళ్ళిపోవలసి వచ్చింది. అదే ద్వారం దగ్గర, అదే సమయంలో, మరో కుటుంబం నవ్వుకుంటూ అరడజను ఫొటోలు తీసుకుంది. వారినెవరూ ఏమీ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు.

ఆ విమానాశ్రయం ఏదో, ఆ ఉద్యోగి ఎవరో మేము ఇక్కడ రాయడం లేదు. ఆ కుటుంబం కోరిక అది. ఇంకో ప్రయాణం చేయవలసినవాళ్ళ కోరికను మేము కాదనలేము.

ఇంతకీ చట్టం ఏమంటున్నది? 1937 నాటి విమాన నియమాలలో 13వ నియమం ప్రకారం ప్రభుత్వ విమానాశ్రయంలో గాని, ఎగురుతున్న విమానంలోంచి గాని రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో తీయకూడదు. బ్రిటిష్ వారి కాలంలో, కెమెరా అనేది కొద్దిమంది చేతుల్లోనే ఉన్న రోజుల్లో రాసిన నియమమది. దానిని సడలిస్తూ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 2004 డిసెంబరు 9న ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2020 సెప్టెంబరులో చండీగఢ్ నుంచి ముంబయి వెళ్ళే విమానంలో ఒక సినీనటి చుట్టూ మీడియావాళ్ళు ఎగబడినప్పుడు, 13వ నియమాన్ని ఉల్లంఘిస్తే ఆ మార్గంలో విమానాలను రెండు వారాలపాటు ఆపేస్తామని డీజీసీఏ మొదట హెచ్చరించింది. మరునాడే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది: ప్రయాణికులు విమానం లోపల నుంచి ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చు, భద్రతకు భంగం కలిగించకూడదు, గందరగోళం సృష్టించకూడదు, సిబ్బంది వద్దంటే మానుకోవాలి.

సైనిక స్థావరాలతో కలిసి ఉన్న విమానాశ్రయాల మాట వేరు. మన విశాఖపట్నం విమానాశ్రయం నౌకాదళ స్థావరంలో ఉంది. అలాంటి చోట విమానం దిగేటప్పుడు కిటికీలోంచి ఫోను పట్టుకోకపోవడమే మేలు. 2025 మే నెలలో, పాకిస్తాన్‌తో ఘర్షణ తరువాత, పశ్చిమ సరిహద్దు వైపు రక్షణ విమానాశ్రయాలలో 10,000 అడుగుల ఎత్తు వరకు కిటికీ తెరలు మూసి ఉంచాలని ఆదేశించారు. ఫొటోలనూ నిషేధించారు. భద్రతా తనిఖీ జరిగే చోట, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ల దగ్గర కూడా ఫోను జేబులోనే ఉండాలి. ఈ కట్టుబాట్లతో మాకు పేచీ లేదు. విమానంలో ప్రయాణించే ముస్లిముకు కూడా క్షేమంగా దిగాలనే ఉంటుంది.

మా పేచీ అంతా ఒక్క నియమం ఇద్దరికి రెండు రకాలుగా వర్తించడంతోనే. నియమం ఎంత అస్పష్టంగా ఉంటే అధికారి అనుమానానికి అంత చోటు దొరుకుతుంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం చూడండి. అందులోని 3వ సెక్షను ప్రకారం నిందితుడు ఫలానా చెడ్డపని చేశాడని నిరూపించనక్కరలేదు. పరిస్థితులనుబట్టి, ప్రవర్తననుబట్టి, రుజువైన అతని 'స్వభావం'బట్టి దురుద్దేశం ఉందని తోస్తే శిక్ష వేయవచ్చు. రక్షణ స్థలాల విషయంలో ఆ శిక్ష 14 ఏళ్ల దాకా పోతుంది. ఫోను గుంజుకుని చూసే ప్రతి చేతి వెనుక ఈ చట్టం ఉందని మేము అనడం లేదు. అది నేర్పిన చూపు మాత్రం ఉంది.

ఈ చూపు బారిన పడ్డవాళ్ళు ఇతర దేశాల్లోనూ ఉన్నారు. 2001 నవంబరులో గ్రీసులోని కలమాటాలో విమానాలు చూడటం, వాటి నంబర్లు రాసుకోవడం సరదాగా పెట్టుకున్న 12 మంది బ్రిటిషర్లను, ఇద్దరు డచ్చివారిని గూఢచర్యం ఆరోపణతో పట్టుకున్నారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో శిక్షలు పడ్డాయి. అదే ఏడు నవంబరులో అప్పీలులో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. వారి వెనుక వారి ప్రభుత్వాలు, పత్రికలు నిలబడ్డాయి. జువ్వలదిన్నె కుర్రవాడి వెనుక ఎవరున్నారు?

మరో విచిత్రం. మనం ఫొటో తీస్తే అనుమానించే విమానాశ్రయం మన ఫొటో మాత్రం ఉత్సాహంగా అడుగుతుంది. 2022 డిసెంబరులో మొదలైన డిజియాత్ర ముఖ గుర్తింపు పద్ధతి మరుసటి ఏడాదే హైదరాబాదుకు, విజయవాడకు వచ్చింది. ఇది స్వచ్ఛందమని ప్రభుత్వమే చెప్పింది. ముఖం ఇవ్వకపోయినా టికెట్టు, గుర్తింపుకార్డు చూపి లోపలికి వెళ్ళవచ్చు. ఈ సంగతి బుర్ఖా ధరించే మన ఆడవాళ్ళకు ముందుగానే చెప్పి పంపడం ఇంటివారి బాధ్యత.

ఫోను విషయానికి వస్తే, గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం పోలీసులు చేసే సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. చట్టం ఇంత చెబుతుంటే, నిలబెట్టి ఫొటోలు చెరిపించడం ఏ పద్ధతి? ఆ ఫొటో నేరమైతే చెరపడం సాక్ష్యాన్ని పోగొట్టడమవుతుంది. నేరం కాకపోతే ఒక మనిషి సొత్తును పోగొట్టడమవుతుంది. రెండింటిలో ఏదని ఆ ఉద్యోగి అనుకున్నాడో తెలుసుకునే హక్కు ఆ కుటుంబానికి ఉంది.

ఎక్కడ ఫొటో తీయకూడదో తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టమని మేము అడుగుతున్నాము. ఫోను తీసుకుంటే కారణం కాగితం మీద రాసివ్వమని అడుగుతున్నాము. కావలి దగ్గర దగదర్తిలో విమానాశ్రయం కడతామన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాము. అది వచ్చేనాటికైనా అక్కడి గోడ మీద ఆ బోర్డు ఉండాలి. ఇలాంటి అనుభవం ఎదురైన పాఠకులు తేదీ, సమయం, జరిగిన మాటలు ఆ రోజే రాసి పెట్టుకోవాలని, వెంటనే ఫిర్యాదు ఇవ్వాలని మా మనవి. నెల తరువాత గుర్తు తెచ్చుకుని చెప్పేదానికి బలం ఉండదు.

దాదీ ఉమ్రా ముగించుకుని తిరిగి వచ్చిన రోజున మనవడు ఫోను జేబులోంచి తీయలేదట. జువ్వలదిన్నె చేరాక రేవు దగ్గర కారు ఆపించి, ఆమే అడిగి ఫొటో తీయించుకున్నారు.