నెల తప్పినా కబురు లేదు

తెలుగు ఇళ్లలో నెల తప్పిందంటే తీపి కబురే. కానీ కొందరు ఆడవాళ్లను ఆ మాట పదే పదే ఆశపెట్టి ఏడిపిస్తుంది. నలభై రోజులు దాటుతాయి. మందుల షాపులో కొన్న కిట్‌ మీద ఒక్క గీతే పడుతుంది. మరో రెండు వారాలకు నెలసరి వస్తుంది. ఈలోగా ఏ పెళ్లికో పేరంటానికో వెళితే 'విశేషమేమైనా ఉందా?' అనే ప్రశ్న, దాని వెంటే 'కాస్త ఒళ్లు తగ్గించుకోరాదూ' అనే సలహా ఎదురవుతాయి.

ఆస్పత్రికి వెళ్లినా చాలాసార్లు వినిపించేది అదే: ముందు బరువు తగ్గి రండి. ఆ మాటలో నిజముంది. అయితే అది సగం నిజం మాత్రమే. మిగతా సగం తెలియక ఎందరో దంపతులు విలువైన ఏళ్లు పోగొట్టుకుంటున్నారు.

అధిక బరువు, క్రమం తప్పిన నెలసరి కలిసి కనిపిస్తే డాక్టర్లు మొదట అనుమానించేది పీసీఓఎస్‌నే. 1935లో షికాగో డాక్టర్లు స్టీన్‌, లెవెంతాల్‌ వర్ణించిన ఈ సమస్యను మన దగ్గర 'నీటి బుడగలు' అంటారు. నిజానికి అవి బుడగలూ కావు, గడ్డలూ కావు. ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల గూళ్లు. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ ఇన్సులిన్‌ సరిగా పనిచేయదు. ఆ లోటు పూడ్చడానికి శరీరం మరింత ఇన్సులిన్‌ తయారుచేస్తుంది. అది అండాశయాలను రెచ్చగొట్టి పురుష హార్మోన్లను పెంచుతుంది. దాంతో అండం పక్వానికి రాదు, విడుదల కాదు. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, మెడ చుట్టూ నల్లటి మచ్చలు ఈ గొలుసులో భాగమే. సన్నగా ఉన్నవారికీ పీసీఓఎస్‌ రావచ్చు. కాకపోతే బరువు దాన్ని ముదరబెడుతుంది.

భారతీయుల విషయంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. అంటే 155 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళ 60 కిలోలు మించితే రెండో కోవలోకి వచ్చినట్టే. అలాగని నాజూగ్గా మారితే తప్ప ఫలితం ఉండదనుకోవడం పొరపాటు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలే. అన్నం పూర్తిగా మానేయక్కర్లేదు. కంచంలో అన్నం వాటా తగ్గి పప్పు, కూరల వాటా పెరగాలి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. కడుపు మాడ్చుకుని నెలలో తగ్గిన బరువు మరుసటి నెలలో తిరిగొస్తుంది.

ఇక మిగతా సగం నిజం. నెదర్లాండ్స్‌లో సంతానం కలగని 577 మంది స్థూలకాయ మహిళలపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఒక బృందానికి ఆరు నెలల పాటు బరువు తగ్గే కార్యక్రమం, ఆ తర్వాత చికిత్స. రెండో బృందానికి వెంటనే చికిత్స. రెండేళ్లలో నెలలు నిండి, సహజ ప్రసవంతో ఆరోగ్యవంతమైన ఒక్క బిడ్డను కన్నవారు మొదటి బృందంలో 27.1 శాతం, రెండో బృందంలో 35.2 శాతం. అయితే చికిత్సతో పనిలేకుండా సహజంగా గర్భం దాల్చినవారు మొదటి బృందంలోనే ఎక్కువ: 26.1 శాతం. రెండోదాంట్లో 16.2 శాతమే. బరువు తగ్గడం మేలు చేస్తుంది కానీ, దాన్ని చికిత్సకు అడ్డుగోడగా నిలబెట్టకూడదని దీని సారాంశం. ముఖ్యంగా 35 ఏళ్లు దగ్గరపడుతున్నవారికి బరువు కన్నా వయసే పెద్ద శత్రువు.

చికిత్స అనగానే ఐవీఎఫ్‌, లక్షల రూపాయల ఖర్చు గుర్తొస్తాయి. చాలామందికి మొదటి మెట్టు అంతకన్నా చాలా చవక. అది లెట్రజోల్‌ అనే మాత్ర. రొమ్ము క్యాన్సర్‌ కోసం వచ్చిన ఈ మందును సంతాన చికిత్సలో వాడకుండా 2011లో కేంద్రం నిషేధించింది. 2014లో 750 మంది పీసీఓఎస్‌ మహిళలపై అమెరికాలో జరిగిన అధ్యయనంలో పాత మందు క్లోమిఫిన్‌తో 19.1 శాతం మందికి బిడ్డలు పుడితే, లెట్రజోల్‌తో 27.5 శాతం మందికి పుట్టారు. 2017లో మన దేశంలో ఆ నిషేధం తొలగింది. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు దీనికే తొలి ప్రాధాన్యం ఇచ్చాయి. డాక్టర్‌ పర్యవేక్షణలో, స్కాన్‌లు చేయించుకుంటూ మాత్రమే వాడాల్సిన మందిది.

అంతకుముందు పరీక్షలు తప్పవు. థైరాయిడ్‌, ప్రొలాక్టిన్‌ తేడాలు కూడా నెలసరిని దారి తప్పిస్తాయి. షుగర్‌, బీపీ ముందే చూసుకుంటే గర్భంతో పాటు వచ్చే చిక్కులు తగ్గుతాయి. గర్భం కోసం ప్రయత్నం మొదలైన నాటి నుంచే ఫోలిక్‌ యాసిడ్‌ వేసుకోవాలి. ఎంత మోతాదన్నది డాక్టర్‌ చెబుతారు. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతున్నవారికి మరో జాగ్రత్త: గర్భవతులు వాటిని వాడకూడదు. సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి.

పద్నాలుగో రోజు లెక్క కూడా వీరికి పనిచేయదు. అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు రెండు వారాల ముందు. ఆ నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు క్యాలెండర్‌ చేసేదేముంది? అండం విడుదలను పసిగట్టే కిట్లూ పీసీఓఎస్‌ ఉన్నవారిని తప్పుదారి పట్టించవచ్చు. వారానికి రెండు మూడు సార్లు కలవడమే మేలు. ఏడాది ఆగి చూడమన్న సలహా నెలసరి సక్రమంగా ఉన్నవారికే. 35 రోజులకు మించి ఆలస్యమవుతుండేవారు ఆగనక్కర్లేదు. మూడు నెలలు దాటినా రాకపోతే బిడ్డల సంగతి అటుంచి తన ఆరోగ్యం కోసమైనా డాక్టర్‌ను కలవాలి. గర్భాశయం లోపలి పొర అలా మందమవుతూ పోవడం మంచిది కాదు.

అన్నిటికన్నా తేలికైన పరీక్ష మాత్రం చాలా ఇళ్లలో చివరికి మిగిలిపోతోంది. అది భర్తకు చేసే వీర్య పరీక్ష. సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో పురుషుడి లోపానికీ పాత్ర ఉంటుంది. భార్య లావుగా ఉందంటే ఆ పరీక్ష అవసరమే లేదన్నట్టు అత్తవారిల్లు తీర్పు చెప్పేస్తుంది. ఆమె ఏడాది పాటు చెమటోడ్చి బరువు తగ్గాక అసలు సంగతి బయటపడితే ఆ కాలాన్ని ఎవరు తిరిగిస్తారు? బరువు ఒక కారణం కావచ్చు. అది ఆమె నేరం మాత్రం కాదు. ఆస్పత్రికి తొలిసారి వెళ్లే రోజునే ఇద్దరూ కలిసి వెళితే సగం దూరం తగ్గినట్టే.