టైల్సుకి అప్పు చేసేముందు గచ్చు గురించి నాలుగు మాటలు



మిరప కోతలు అయిపోయాయి, పత్తి తూకాలు అయిపోయాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు ఇవే. అందుకే ప్రతి ఊళ్లో ఇప్పుడు ఇల్లు బాగుచేయించే మాట లేస్తుంది. కప్పు, గోడలు అయ్యాక నేల దగ్గరికి వచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట. టైల్స్. "గచ్చు ఎవడు వేయిస్తున్నాడు బాబాయ్ ఈ రోజుల్లో, రెండేళ్లకే పగులుద్ది, ఊడిస్తే దుమ్ము లేస్తది" అంటారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రైతు ఇంటికి సిమెంట్ గచ్చు చాలు. మన ఊళ్లల్లో గచ్చులు చెడిపోయిన మాట నిజమే. కానీ చెడగొట్టింది సిమెంట్ కాదు, పని. కింద నేల గట్టి చేయకపోవడం, మాలులో నీళ్లు ఎక్కువ పోయడం, వేశాక సరిగా తడపకపోవడం. ఈ మూడూ సరిచూసుకుంటే గచ్చు మన తర్వాత మన పిల్లలకి కూడా పనికొస్తుంది. ఈ మూడూ సరిలేని నేల మీద టైల్స్ వేస్తే అవీ అంతే, కింద డొల్లపడి బస్తా దించిన రోజున పగులుతాయి.

ముందు డబ్బు సంగతి. పంట డబ్బు చాలక టైల్స్ కోసం బయట 50 వేలు తెచ్చారనుకోండి. నూటికి 2 రూపాయల వడ్డీ అంటే నెలకి వెయ్యి, ఏడాదికి 12 వేలు. అసలు అలాగే ఉంటుంది. ఆ 12 వేలు వచ్చే ఏడు విత్తనాలకో, మందులకో ఉండాల్సిన డబ్బు. పొలానికి అప్పు చేస్తే పంట మీద తీరుతుందనే ఆశ అన్నా ఉంటుంది. నేల మీద మెరుపుకి చేసిన అప్పుని ఏ పంట తీరుస్తుంది?

రెండోది, మన ఇల్లు పట్నం ఇల్లులాంటిది కాదు. వానాకాలం బురద కాళ్లతో వస్తాం. మోటారు విప్పితే వసారాలోనే పెడతాం. పలుగు, పార గోడకి ఆనిస్తాం, జారి పడతాయి. గచ్చు మీద పడితే చిన్న పెచ్చు లేస్తుంది, ఇంత మాలు పెట్టి పూడ్చుకుంటాం. టైలు పగిలితే నాలుగేళ్ల తర్వాత అదే డిజైన్ దొరకదు. నున్నటి టైలు మీద నీళ్లు పడితే పెద్దవాళ్ల పరిస్థితి చెప్పక్కర్లేదు. తుంటి ఎముక విరిగి మంచాన పడినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మీ ఇంట్లో అమ్మో నాన్నో ఉంటే ఆ ఒక్కటీ ఆలోచించండి.

ఇక పని ఎలా చేయించాలో చెప్తాను.

మొదట ఎత్తు చూసుకోండి. మన ఊళ్లల్లో సీసీ రోడ్లు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరిగి, పాత ఇళ్లు పల్లంలో పడ్డాయి. నేల ఎత్తు పెంచాలంటే గడప ఎంత ఉంది, తలుపు తెరుచుకుంటుందా, తల దూలానికి తగలదా అని ముందే కొలవండి. నీళ్ల గొట్టంతో లెవెల్ చూసి గోడల చుట్టూ గీత కొట్టించండి. ఆ గీత లేకుండా పని మొదలుపెట్టనివ్వొద్దు.

పాత గచ్చు ఉంటే కర్రతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే పగలగొట్టాల్సిందే. దాని మీదే కొత్త గచ్చు పూస్తే పాతది ఊడినప్పుడు కొత్తది కూడా ఊడుతుంది.

తర్వాత కింద మట్టి. మా పల్నాడులో చాలా ఊళ్లు నల్లరేగడి మీదే ఉన్నాయి. రేగడి సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలం కాలు దిగేంత నెర్రెలు ఇస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. చేలో చేసే పనే ఇంటి కింద కూడా చేస్తుంది. దాని మీద తిన్నగా గచ్చు వేస్తే మధ్యలో పైకి లేచి పగులుతుంది. వీలైతే అడుగు, రెండడుగులు రేగడి తీసేసి గరుసు పోయించాలి. తెలంగాణ వైపు మొరం అంటారు. గరుసు కూడా ఒకేసారి కుమ్మరించి పైపైన దిమ్మిస కొడితే లాభం లేదు. 6 అంగుళాలకి ఒక పొర వేయాలి, నీళ్లు చల్లాలి, దిమ్మిస కొట్టాలి, మళ్లీ పొర. చెరువు కట్ట వేసేటప్పుడు మన పెద్దలు చేసింది ఇదే. గోడ మూలల్లో దిమ్మిస అందదని వదిలేస్తారు. గచ్చు ముందు కుంగేది అక్కడే. నిలబడి కొట్టించండి.

రేగడి మరీ లోతుగా ఉండి అంత తీయించే స్తోమత లేకపోతే ఆ గదికి నాపరాళ్లు మంచిది. బేతంచెర్ల బండలైనా, తాండూరు బండలైనా. ఎక్కడన్నా కుంగితే ఆ నాలుగు బండలు లేపి, ఇసుక సర్ది మళ్లీ పరుచుకోవచ్చు. గచ్చుకి ఆ వీలు లేదు. ఉన్నమాట చెప్పాలి కదా.

చవుడు నేలలో, చెరువు దగ్గర ఇళ్లల్లో ఇంకో బాధ ఉంది. కింది చెమ్మ పైకి పాకి గచ్చు మీద తెల్లగా ఉప్పు పేరుతుంది. దానికి గరుసు మీద రెండంగుళాలు ఇసుక సర్ది, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, ఆపైన బెడ్డు వేయించండి. మిరపకి వేసే మల్చింగ్ షీటు పనికిరాదు, అది 25, 30 మైక్రాన్లే, కంకర గుచ్చుకుని చిల్లులు పడుతుంది. 250 మైక్రాన్లు అన్నా ఉండాలి. ఫారం పాండ్‌కి వేసే 500 మైక్రాన్ల షీటు ముక్క ఎవరి దగ్గరన్నా మిగిలి ఉంటే ఇంకా మంచిది. అంచులు అడుగు మేర ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరచాలి.

బెడ్డు 4 అంగుళాలు. ఒక పాలు సిమెంట్, 4 పాళ్లు ఇసుక, 8 పాళ్లు లావు కంకర. పైన గచ్చు అంగుళంన్నర. ఒక పాలు సిమెంట్, 2 పాళ్లు ఇసుక, 4 పాళ్లు సన్న చిప్స్. కంకర చిప్స్ లేకుండా ఉత్త ఇసుక సిమెంట్‌తో అంగుళం మందాన పూసేసి గచ్చు అంటారు కొందరు. బస్తాలు ఈడ్చే ఇంట్లో అది నిలవదు.

పాళ్లు కంటి చూపుతో, పారలతో వద్దు. చెక్క పెట్టె ఒకటి చేయించండి, అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల లోతు. 50 కిలోల సిమెంట్ బస్తా దాదాపు ఆ పెట్టెడు వస్తుంది. గచ్చుకైతే బస్తాకి రెండు పెట్టెలు ఇసుక, నాలుగు పెట్టెలు చిప్స్. కూలీ ఎవరైనా కొలత మారదు.

12 అడుగుల చదరం గదికి నా లెక్క ఇది. బెడ్డుకి 5 బస్తాలు, గచ్చుకి పైపూతతో కలిపి 4 బస్తాలు, మొత్తం 9. ఇసుక 30, 35 ఘనపుటడుగులు, లావు కంకర 45, 50, చిప్స్ 16. మీ ఊరి ధరలతో గుణించుకుని, కూలి కలుపుకుని, టైల్స్ షాపు వాళ్లు ఇచ్చిన కాగితం పక్కన పెట్టి చూడండి. మరిచిపోవద్దు, టైల్స్‌కి కూడా కింద ఆ బెడ్డు వేయాల్సిందే.

సిమెంట్ బస్తా మీద తయారైన తేదీ చూడండి. మూడు నెలలు దాటినది, గడ్డలు కట్టినది వద్దు. ఇసుక అరచేతిలో నలిపితే మట్టి అంటుకోకూడదు. కలిపే నీళ్లు తాగే నీళ్లయి ఉండాలి, ఉప్పు బోరు నీళ్లు వద్దు.

ఇప్పుడు అసలు గొడవ, మాలులో నీళ్లు. పలచగా ఉంటే పని తేలిగ్గా సాగుతుంది కాబట్టి జావలా కలుపుతారు. ఆ ఎక్కువ నీళ్లు తర్వాత ఆరిపోయి, అవి ఉన్నచోట సన్న చిల్లులు మిగులుతాయి. గచ్చు దుమ్ము లేవడానికి మొదటి కారణం అదే. బస్తాకి పాతిక లీటర్ల దగ్గర ఆగాలి. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. నీళ్లు కలిపిన మాలు అరగంటలో వాడేయాలి. మధ్యాహ్నం భోజనానికి పోయి వచ్చి మళ్లీ నీళ్లు పోసి కలిపితే ఒప్పుకోవద్దు.

నీళ్లు పైకి తేలాయని పొడి సిమెంట్ చల్లి తాపీ కొట్టడం ఇంకో అలవాటు. చూడ్డానికి నున్నగా వస్తుంది. ఆరు నెలల్లో పొరలుగా లేస్తుంది. పైకి తేలిన నీళ్లు పోయేదాకా ఆగి, అప్పుడు తాపీ పట్టాలి. ఆ ఓపిక లేకే సగం గచ్చులు పాడవుతున్నాయి.

గది మొత్తం ఒకే ముక్కగా పోయొద్దు. సిమెంట్ ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగలక మానదు. నాలుగైదు అడుగుల గడులుగా విడగొట్టి, మధ్యలో గాజు పట్టీలు పెట్టిస్తే ఆ ముడుచుకునేది పట్టీ దగ్గరే ఆగుతుంది. ఎర్ర గచ్చు కావాలంటే గది మొత్తానికి సరిపడా సిమెంట్, ఎర్రరంగు పొడి ఒకేసారి పొడిగా కలిపి పెట్టుకోండి, లేకపోతే గడికో రంగు వస్తుంది. వసారాకి 5 అడుగులకి అంగుళం వాలు పెట్టించండి.

ఇక చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తడపడం. "నాలుగు రోజులు రెండు పూటలా చల్లు అన్నా, సరిపోద్ది" అంటాడు మేస్త్రి. సరిపోదు. మామూలు సిమెంట్‌కి వారం, బస్తా మీద పీపీసీ అని ఉంటే 10 రోజులు తక్కువ కాకుండా తడి ఉండాలి. ఇప్పుడు మన ఊళ్లకి వచ్చేది ఎక్కువ పీపీసీనే. అది మెల్లగా గట్టిపడుతుంది. మొదటి రోజు తడి గోనెసంచులు కప్పి, మర్నాడు గడప దగ్గర మట్టి గట్టు కట్టి రెండంగుళాల నీళ్లు నిలపండి. 12 అడుగుల గదికి 680 లీటర్లు పడతాయి, మందు కొట్టే 200 లీటర్ల డ్రమ్ములు మూడున్నర. నారు నాటిన మడిని వారం రోజులు ఎండనిస్తామా? ఇదీ అంతే. ఒకరోజు ఎండి మళ్లీ తడిపితే పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు. ఎండాకాలం పనైతే కిటికీలు మూసి వడగాలి తగలకుండా చూడండి. సంక్రాంతి దాటిన వెంటనే, బోర్లల్లో నీళ్లు ఉండగా పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఆ నీళ్లు పోసే పని ఇంట్లో ఆడవాళ్ల మీదకి తోసేసి మనం అరుగు మీద కూర్చోవడం న్యాయం కాదు. ఇన్నేళ్లు వంగి పేడతో అలికింది వాళ్లే. ఈ 10 రోజులు మనం పోద్దాం.

మేస్త్రితో ఒప్పందం కూడా ముందే తేల్చుకోండి. అడుగుకి ఇంత అని గుత్తకి ఇస్తే రోజుకి రెండు గదులు లాగేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం, అతనికి ఇంకో ఊళ్లో పని ఉంటుంది. కొంత డబ్బు పదో రోజు నీళ్లు తీసి, తట్టి చూసుకున్నాకే ఇస్తానని మొదటి రోజే చెప్పండి. చెప్పినట్టే పదో రోజు ఇచ్చేయండి, తిప్పించుకోవద్దు. మాలు తొక్కే కూలీలకి బూట్లు, గ్లవుజులు కొనివ్వండి. సిమెంట్ తడి కాళ్లని తినేస్తుంది, ఆ పుండ్లు మానడానికి రోజులు పడుతుంది.

గచ్చుకి లోపాలు లేవని నేను అనను. సన్న గీతలు కొన్ని పడతాయి. నూనె మరక పోదు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే పైపొర తినేస్తుంది, కాబట్టి పొయ్యి దగ్గర గ్రానైట్ ముక్క వేయించుకోండి. స్నానాల గదికి గరుకు టైల్స్ వేయించుకోండి, అక్కడ అవే మేలు. ఎరువుల బస్తాలు తిన్నగా గచ్చు మీద పెట్టొద్దు, కరిగి కారిన నీళ్లు గచ్చుని తింటాయి. ధాన్యం, విత్తనాల బస్తాలకి కూడా కింద చెక్కలు వేయండి.

ఈ ఏడు పని పెట్టుకునేవాళ్లు టైల్స్ షాపుకి పోయేముందు ఇంట్లో ఒక మూల గడ్డపారతో రెండడుగులు తవ్వి కింద ఏ మట్టి ఉందో చూడండి. రేగడా, గరుసా, చవుడా తేలాక మేస్త్రిని పిలవండి. ఆ తర్వాత కూడా టైల్సే కావాలనిపిస్తే వేయించుకోండి, మీ ఇల్లు మీ ఇష్టం. అప్పు మాత్రం చేయకండి.

ఉంటాను.