మైకు ఆపినా ఆగని మాట

1988 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని గూడిసన్ పార్క్ మైదానంలో ఎవర్టన్, లివర్‌పూల్ జట్లు ఆడుతుండగా ప్రేక్షకుల్లోంచి ఒక అరటిపండు వచ్చి జాన్ బార్న్స్ కాళ్ల దగ్గర పడింది. జమైకాలో పుట్టిన ఆ లివర్‌పూల్ ఆటగాడు దాన్ని మడమతో తన్నేసి మళ్లీ ఆటలో పడ్డాడు. నల్లవాళ్లను కోతులతో పోల్చి అరటిపళ్లు విసరడం, కోతి కూతలు కూయడం అప్పటికే అక్కడ ఏళ్ల తరబడి సాగుతున్న తంతు. చాలాసార్లు అది ప్రేక్షకుల గోల కిందే జమ అయిపోయేది. ఆ మడమ కదలికను బాబ్ థామస్ అనే ఫొటోగ్రాఫర్ పట్టుకోవడంతో గోలకు ఒక రుజువు దొరికింది. ఫుట్‌బాల్‌లో జాతి వివక్ష గురించి మాట వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆ ఫొటోనే బయటికి తీస్తారు.

మైదానంలో ఒకడు ఒకణ్ని రంగు పేరుతో తిట్టినంత మాత్రాన అది సమస్యగా లెక్కకు రాదు. దాన్ని ఎవరో చూపించాలి, చూపించినదానికి సరైన పేరు పెట్టాలి. రెండు పనులూ మీడియావే. మొదటిది ఇప్పుడు తేలికైంది. కెమెరా లేని మూల లేదు, మైకు అందని మాట లేదు. పేరు పెట్టే దగ్గరే మీడియా తడబడుతుంది. తెలుగు మీడియా మరీను.

మైకు మహిమకు రెండు ఉదాహరణలు చాలు. 2004 ఏప్రిల్‌లో మొనాకో, చెల్సీ మ్యాచ్ ముగిశాక, ప్రసారం ఆగిపోయిందనుకుని ఇంగ్లండ్ టీవీ వ్యాఖ్యాత రాన్ అట్కిన్సన్ చెల్సీ ఆటగాడు మార్సెల్ దెశాయీని జాతి పేరుతో బండబూతు తిట్టాడు. పశ్చిమాసియాలో కొన్ని దేశాలకు ప్రసారం ఇంకా నడుస్తూనే ఉంది. అట్కిన్సన్‌కు ఐటీవీ కొలువూ, గార్డియన్ పత్రికలో కాలమ్ రెండూ పోయాయి. విచిత్రమేమిటంటే, 1970ల చివర్లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ మేనేజరుగా ఒకే జట్టులో ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లను ధైర్యంగా దింపింది కూడా ఇతడే. 2020 డిసెంబరులో పారిస్‌లో జరిగింది ఇంకో రకం. కరోనా వల్ల స్టేడియం ఖాళీ. నాలుగో రిఫరీ ఇస్తాంబుల్ జట్టు సహాయ కోచ్ పియెర్ వెబోను ‘ఆ నల్లవాడు’ అని గుర్తుపట్టి చూపిన మాట, దానిమీద ఆ జట్టు ఆటగాడు డెంబా బా నిలదీసిన మాట మైకుల్లో స్పష్టంగా పడ్డాయి. తెల్లవాణ్ని చూపేటప్పుడు ‘ఆ తెల్లవాడు’ అనవు కదా, మరి నల్లవాణ్ని మాత్రం అలా ఎందుకంటావు అన్నది బా ప్రశ్న. రెండు జట్లూ మైదానం వదిలి వెళ్లిపోయాయి. జనం నిండుగా ఉంటే ఆ ప్రశ్న ఇళ్లకు చేరేదే కాదు.

అయితే దూషణను పట్టిచ్చే మీడియాయే దానికి విత్తనమూ చల్లుతుంది. ఈ సంగతిని సూటిగా బయటపెట్టినవాడు పాత్రికేయుడు కాదు, ఆటగాడు. 2018 డిసెంబరులో చెల్సీ మైదానంలో తిట్లు తిన్న మర్నాడు రహీమ్ స్టెర్లింగ్ ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు వార్తలు పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకే పత్రికవి. ఇద్దరూ మాంచెస్టర్ సిటీ కుర్రాళ్లే, ఇద్దరూ తల్లి కోసం ఇల్లు కొన్నవాళ్లే. తెల్లవాడైన ఫిల్ ఫోడెన్ గురించి శీర్షిక అమ్మకు ఇల్లు కొన్న బిడ్డ అన్న ధోరణిలో ఉంది. నల్లవాడైన టోసిన్ అడరాబియోయో గురించి శీర్షిక అతని వారం జీతం లెక్కగట్టి, లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆరంభం నుంచి ఆడకుండానే ఇంత తగలేశాడని మూతి విరిచింది. రెంటిలోనూ అబద్ధం లేదు, తిట్టూ లేదు. రోజూ ఇలాంటివి చదివిన మనిషి ఆదివారం స్టేడియంలో నోరు పారేసుకుంటే ఆశ్చర్యమేముందని స్టెర్లింగ్ అడిగినట్టయింది. ఏడాది తిరక్కుండా ఇటలీ క్రీడాపత్రిక కొర్రియేరె దెల్లో స్పోర్ట్ రోమెలు లుకాకు, క్రిస్ స్మాలింగ్‌ల ఫొటోల మీద ‘బ్లాక్ ఫ్రైడే’ అని మొదటి పేజీ శీర్షిక పెట్టింది. శుక్రవారం మ్యాచ్, ఇద్దరు నల్లవాళ్లు, చమత్కారం కుదిరిందనుకున్నారు. రోమా, మిలాన్ క్లబ్బులు ఆ పత్రిక విలేకరులను ఏడాది చివరిదాకా శిక్షణ మైదానాల్లోకి రానివ్వలేదు. శ్లేషల మీద మోజు ఎక్కువున్న తెలుగు క్రీడా డెస్కులు గోడకు అంటించుకోదగ్గ ఉదంతం ఇది.

మెచ్చుకోలులోనూ వివక్ష దాగి ఉంటుంది. 2020లో రన్‌రిపీట్ అనే సంస్థ యూరప్‌లోని నాలుగు పెద్ద లీగ్‌ల 80 మ్యాచ్‌ల ఆంగ్ల వ్యాఖ్యానాన్ని మాటమాటా లెక్కగట్టింది. దేహబలం గురించిన మాటలు నలుపు ఛాయ ఆటగాళ్ల విషయంలో 6.59 రెట్లు ఎక్కువగా దొర్లాయి. తెలివిని పొగిడిన మాటల్లో 60 శాతానికి పైగా తెలుపు ఛాయ వాళ్లకు దక్కాయి. ఒకడికి కండ, ఇంకొకడికి బుర్ర. తెలుగు క్రీడా పేజీలకు ఈ కొలబద్ద పెట్టినవారెవరూ కనబడరు గానీ, పెడితే అంకెలు తలదించుకునేలానే ఉండొచ్చు. వెస్టిండీస్ ఆటగాడంటే ‘కండల వీరుడు’, ‘విధ్వంసకారుడు’ అన్న ముద్రలు సిద్ధం. పెలేకు ‘నల్ల ముత్యం’ అన్న బిరుదు ప్రేమతోనే అంటుకుంది, సందేహం లేదు. అయినా తెల్లజాతి ఆటగాణ్ని ‘తెల్ల ముత్యం’ అన్న దాఖలా ఎక్కడుంది?

స్పెయిన్ సంగతి తెలుగు నేలకు దగ్గరిది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి నిలబెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీకి దశాబ్దాలుగా స్పెయిన్ దాతలే వెన్నెముక. అనంతపురంలోని ఆ సంస్థ క్రీడా గ్రామంలో 2010లో రఫెల్ నడాల్ టెన్నిస్ బడి పెట్టాడు. ఫుట్‌బాల్ శిక్షణకు లా లీగా చేయూతనిచ్చింది. ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెల్లో చెప్పుల్లేకుండా బంతి తన్నే పిల్లలకు రియల్ మాడ్రిడ్, ఆ జట్టు నల్లజాతి ఆటగాడు వినీసియస్ జూనియర్ అంటే పరాయి పేర్లు కావు. 2022 సెప్టెంబరులో ఈ వినీసియస్ గోల్ కొట్టి నాట్యమాడితే, ఒక స్పెయిన్ టీవీ చర్చలో ఆటగాళ్ల ఏజెంట్ల సంఘం అధ్యక్షుడు కోతి వేషాలు మానమని హితవు చెప్పాడు. తర్వాత అది నానుడిగా అన్నమాటేనని సర్దుకున్నాడు. రేటింగు కోసం రాత్రంతా కేకలు వేయించే చర్చా కార్యక్రమం ఎంత చేయగలదో తెలుగు ప్రేక్షకుడికి విడమరచి చెప్పనక్కర్లేదు. 2023 మే 21న వాలెన్సియాలో మ్యాచ్ మధ్యలోనే వినీసియస్ తనను తిడుతున్నవాళ్ల వైపు వేలు చూపించాడు. మ్యాచ్ తర్వాత అతని కోచ్ కార్లో అంచెలొట్టి టీవీ ఇంటర్వ్యూలో ఇవాళ ఫుట్‌బాల్ గురించి మాట్లాడనని తేల్చేశాడు. వార్త ఆట పేజీ దాటింది. 2024 జూన్‌లో ముగ్గురికి ఎనిమిది నెలల చొప్పున శిక్ష పడింది. జైలుకు పోనక్కర్లేకపోయినా, స్పెయిన్‌లో మైదానంలో జాతి దూషణకు నేరం రుజువై శిక్ష పడటం అదే మొదలు.

ఇదే ఉదంతంలో మీడియా నేర్చుకోవలసిన ఎదురు పాఠమూ ఉంది. ఆ రోజు స్టేడియంలో పెద్ద గుంపు అరిచిన ‘తొంతో’ అన్న మాటకు తెలివితక్కువవాడనే అర్థం. కోతి అనే అర్థమున్న ‘మోనో’ అన్నవాళ్లు వేరే ఉన్నారు. స్టేడియమంతా కోతి అని అరిచిందన్నట్టు వార్త పాకింది. వాలెన్సియా క్లబ్బు అభ్యంతరం చెప్పింది, అందరినీ ఒకే గాటన కట్టినందుకు అంచెలొట్టి కూడా తర్వాత మన్నించమన్నాడు. నేరం నిజం. నేరస్తుల లెక్కే తప్పింది. ఆ తప్పు దూషించినవాళ్లకు సాకుగా ఉపయోగపడింది.

హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ విషయంలో జరిగిందీ ఇంచుమించు అదే. ఫుట్‌బాల్ కాకపోయినా తెలుగువాళ్లు జాతి దూషణను తమ ఇంటి మాటగా విన్నది అప్పుడే. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర తనను తిడుతున్నారని సిరాజ్ కెప్టెన్ రహానేకు, అంపైర్లకు చెప్పాడు. ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. తండ్రి పోయి రెండు నెలలు కాలేదు, ఆ దుఃఖంలోనే దేశం కాని దేశంలో ఆడుతున్న కుర్రాడు. కోపం సహజం. తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణలో దూషణ జరిగిన మాట వాస్తవమేనని, గెంటివేతకు గురైన ఆరుగురు మాత్రం అన్నవాళ్లు కారని తేలింది.

సిడ్నీకి ఏడు నెలల ముందు జరిగింది ఇంకా దగ్గరి సంగతి, ఇంకా ఇబ్బందికరమైనదీ. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఒక టీవీ కార్యక్రమం చూస్తుండగా వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీకి ‘కాలూ’ అనే మాట అర్థం తెలిసింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టులో ఉన్నప్పుడు తననీ, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానీ అలాగే పిలిచేవారని, బలమైన గుర్రమని అర్థం కాబోలనుకున్నానని అతను వాపోయాడు. ఒక సహచరుడు 2014లో పెట్టిన ఇన్‌స్టాగ్రామ్ ఫొటో కింద ఆ మాట అక్షరాలా ఉంది. తరువాత ఒక సహచరుడు ఫోన్ చేసి ప్రేమతో అన్నదేనని చెప్పడంతో సామీ శాంతించాడు. ఆ పోస్టు ఆరేళ్లు అందరి కళ్లెదుటే ఉంది. జట్టు పేరులో హైదరాబాద్, యాజమాన్యం సన్ టీవీ నెట్‌వర్క్, అంటే ఒక మీడియా సంస్థ. సిడ్నీలో మనవాణ్ని తిడితే ఆ పూటే వినబడింది, మన గదిలో మనవాళ్లు అన్నది వినబడడానికి ఆరేళ్లు, అదీ అమెరికా టీవీ సాయంతో పట్టింది.

భారత ఫుట్‌బాల్‌కు వస్తే, 2023 సెప్టెంబరు 21న కొచ్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఆరంభ మ్యాచ్‌లో బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు రయాన్ విలియమ్స్, మేఘాలయకు చెందిన కేరళ బ్లాస్టర్స్ ఆటగాడు అయిబన్ దోలింగ్ ఎదుట ముక్కు మూసుకునే సైగ చేశాడన్న వీడియో తిరిగింది. దాన్ని పట్టుకుని గట్టిగా నిలదీసింది ‘మంజప్పడ’ అనే అభిమానుల సంఘం. 2024 మార్చిలో కేరళలోనే మలప్పురం జిల్లా అరీకోడ్‌లో సెవెన్స్ (జట్టుకు ఏడుగురేసి ఆడే ఫుట్‌బాల్) ఆటకు వచ్చిన ఐవరీ కోస్ట్ ఆటగాణ్ని జనం తరిమి కొట్టారు, జాతి పేరుతో తిట్టారని అతను పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకునే నేల మీదే ఇలా జరిగింది.

ఇక పేరు పెట్టే చిక్కు. తెలుగులో ‘జాతి’ ఒక్కటే మాట, మోసే బరువులు అనేకం: జాతిపిత, జాతీయ గీతం, మేలుజాతి ఎద్దు. ‘వర్ణ వివక్ష’ దక్షిణాఫ్రికా వార్తలతో అలవాటైన మాట, వినగానే దూరదేశం గుర్తొస్తుంది. ఊళ్లో ‘కర్రోడు’, ‘నల్లోడు’ అని పిలిచే నోటికీ ఆ మాటకూ చుట్టరికం ఉన్నట్టే అనిపించదు. అందుకే వార్తాసంస్థ నుంచి వచ్చిన కాపీ తెలుగులోకి దిగేసరికి తరచూ ‘అనుచిత వ్యాఖ్యలు’ అయిపోతుంది. అసెంబ్లీలో నోరుజారిన మాట కూడా అనుచిత వ్యాఖ్యే. కోతి అన్నాడా, రంగు పేరుతో అన్నాడా, కళ్ల తీరును వెక్కిరించాడా అన్నది పాఠకుడికి చేరదు. బూతును అచ్చంగా అచ్చేయనక్కర్లేదు. దేనితో పోల్చాడో చెప్తే చాలు.

అదే తెలుగు పత్రికలు కులం దగ్గర ఇంత మెతకగా లేవు. ‘కులం పేరుతో దూషించారు’ అన్న వాక్యం మండల విలేకరి కూడా తడుముకోకుండా రాస్తాడు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆ వాక్యాన్ని పోలీసు స్టేషన్ మీదుగా పత్రికాభాషలోకి తెచ్చింది. చట్టం పేరు పెడితే పత్రిక పిలవడం నేర్చుకుంది. రంగు దూషణకు అలాంటి ప్రత్యేక చట్టమేదీ ఇక్కడ లేకపోవడంతో వాక్యమూ పుట్టలేదు. 2021 ఆగస్టులో ఒలింపిక్ హాకీ సెమీఫైనల్ ఓడిన పూట హరిద్వార్ దగ్గర భారత హాకీ క్రీడాకారిణి వందనా కటారియా ఇంటి ముందు కులం పేరుతో గోల చేసినప్పుడు పత్రికలు దాన్ని కులదూషణ అనే రాశాయి. ఫిఫా నియమావళి నిషేధించిన వివక్షల పట్టికలో రంగుతో పాటు సామాజిక మూలం కూడా ఉంది. అంటే దళిత కుర్రాణ్ని మైదానంలో కులం పేరుతో తిట్టడం మన చట్టం కిందికే కాదు, ఫుట్‌బాల్ సొంత నియమం కిందికీ వస్తుంది. పోలీసు వార్త రాసేటప్పుడు గుర్తొచ్చే ఈ సంగతి ఆట వార్త రాసేటప్పుడు గుర్తు రాదు.

పేజీల మధ్య గోడలు ఇంకో అడ్డంకి. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచిన ఏడు ఆ లీగ్‌లో 18 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచిన బార్తోలోమ్యూ ఒగ్బెచే నైజీరియా వాడు. క్రీడా పేజీలో అతను పేరున్న మనిషి. హైదరాబాద్ నగర నేరవార్తల్లోకి వెళ్తే ‘నైజీరియన్’ అన్నది ఒక ముఠా పేరు, మత్తుమందుల పక్కన నిలబడే విశేషణం. నిందితుడు ఇంకో దేశంవాడైతే దేశం పేరు శీర్షికకు ఎక్కుతుందా అన్నది సబ్‌ఎడిటర్ వేసుకోదగ్గ ప్రశ్న. నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వదళం పేరుతో ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉన్న నగరం ఇది.

పల్లె ఆట దగ్గర అడ్డంకి ఇంకో రకం. కర్ణాటక సరిహద్దున తెలుగు, కన్నడం కలిసి నలిగే గుడిబండ, మడకశిర మండలాల్లో పండగకో జాతరకో టోర్నమెంటు జరిగితే కవర్ చేసేది కంట్రిబ్యూటర్, అంటే మండల విలేకరి. 1989లో ఈనాడు జిల్లా పత్రికలు మొదలుపెట్టి, మిగతావి ఆ బాట పట్టాక పల్లెలోని ఆటకూ అచ్చులో చోటు దొరికింది. ఫోన్‌లో వార్త అందుకునే డెస్క్ అడిగేవి మూడే: ఎవరు గెలిచారు, ముఖ్య అతిథి ఎవరు, ఫొటో ఉందా. ముఖ్య అతిథి పేరు తప్పుపడితే మర్నాడు సవరణ వేయాల్సిందే. ఆటలో ఎవరినైనా ఏమైనా అన్నారా అన్న నాలుగో ప్రశ్న అడిగితే, జవాబుగా ఏ మాట అన్నారు, ఎవరు విన్నారు, రిఫరీ ఆట ఆపాడా, ఫిర్యాదు ఎవరికి అందింది అన్న వివరాలు రావాలి. అవి రెండు వాక్యాల్లో పడతాయి. ముఖ్య అతిథుల జాబితా దానికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది.