తిరుగు దారి లెక్క

పిల్లలూ, అట్లాసు తెరిచి ఉత్తర అమెరికా పటం తీయండి. పడమటి అంచున, అమెరికా సంయుక్త రాష్ట్రాలు అయిపోయి మెక్సికో మొదలయ్యే చోట, చెట్టుకు వేలాడే మునగకాయలాగా ఒక సన్నని నేల సముద్రంలోకి దిగి ఉంటుంది. దాని పేరు బాహా కాలిఫోర్నియా. స్పానిష్ భాషలో "బాహా" అంటే దిగువ అని అర్థం. ఈ మునగకాయ పొడుగు సుమారు 1,200 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల నూరు కిలోమీటర్లయినా ఉండదు. పడమట పసిఫిక్ మహాసముద్రం, తూర్పున కాలిఫోర్నియా సింధుశాఖ. రెండు సముద్రాల నడుమ కొండలూ, ఎడారీ.

ఈ నెల మన ప్రయాణం అక్కడే, మోటారుకారులో. కారు నడిపేది మీరే. పక్కన కూచుని దారి చెప్పేది నేను. వెళ్ళవలసిన ఊరు ద్వీపకల్పానికి సగం దారిలో ఉన్న గెర్రెరో నెగ్రో. అంటే "నల్ల యోధుడు" అన్నమాట. పూర్వం ఆ తీరాన మునిగిపోయిన ఒక తిమింగలాల వేట ఓడ పేరే ఊరికి వచ్చింది. ఇప్పుడు అక్కడ వేట లేదు. చలికాలంలో బూడిదరంగు తిమింగలాలు ఉత్తరధ్రువ సముద్రాల నుంచి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వచ్చి, ఆ ఊరి పక్కనున్న ఉప్పుకయ్యలో పిల్లల్ని కంటాయి. వాటిని చూడటానికే మనం పోతున్నాం.

ఉత్తరపు సరిహద్దు నుంచి అక్కడికి రెండు దారులున్నాయి. మొదటిది 1వ నంబరు రహదారి. ద్వీపకల్పం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా 1,700 కిలోమీటర్లు పోయే ఈ తారు రోడ్డు 1973లో పూర్తయింది. దానికి ముందు ఇక్కడి ప్రయాణమంటే రాళ్ళలో, ఇసుకలో రోజుల తరబడి కుస్తీ పట్టటమే. టిజువానా నగరం దగ్గర ఈ రోడ్డెక్కితే గెర్రెరో నెగ్రో సుమారు 700 కిలోమీటర్లు. దారిలో ఊళ్ళు, హోటళ్ళు, టమాటా తోటలు, స్ట్రాబెర్రీ తోటలు తగులుతాయి. వాటితోపాటు లారీలు కూడా! సరుకంతా ఆ ఒక్క రోడ్డు మీదనే దక్షిణానికి పోవాలి. రోడ్డు ఇరుకు. చాలాచోట్ల తారు అంచు దాటితే పక్కకు తప్పుకునే జాగా లేదు. ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ మీరు స్టీరింగు బిగించి పట్టుకోవలసిందే.

రెండవది 5వ నంబరు రహదారి. ఇది తూర్పున మెక్సికాలి అనే ఊళ్ళో మొదలవుతుంది. మెక్సికో, కాలిఫోర్నియా అనే రెండు పేర్లు అతికించి ఆ పేరు పెట్టారు. సరిహద్దుకు అవతల అమెరికా వైపున్న ఊరి పేరేమిటో తెలుసా? కలెక్సికో! ఈ దారి సింధుశాఖ ఒడ్డు వెంట దిగి, కొండల్లోకి మళ్ళి, చపాలా అనే చోట 1వ నంబరు రహదారిలో కలుస్తుంది. ఇటు నుంచి గెర్రెరో నెగ్రో సుమారు 600 కిలోమీటర్లు. లారీలు తక్కువ, ఊళ్ళు అంతకన్నా తక్కువ. ఒక్కొక్కప్పుడు పావుగంట సేపు ఎదురుగా ఒక్క బండి రాదు.

"ఇంకేం, రెండోదే పోదాం" అంటున్నారు గదూ? నాకూ అదే ఇష్టం. కాని ఆ దారి ఎందుకు నిశ్శబ్దంగా ఉన్నదో ముందు తెలుసుకోవాలి.

ద్వీపకల్పం పొడుగునా వెన్నెముకలాగా కొండలున్నాయి. వాటిలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం పేరు "సైతాను శిఖరం". ఎత్తు 3,096 మీటర్లు. చలికాలంలో పసిఫిక్ నుంచి వచ్చే తడిగాలి ఈ కొండలెక్కుతూ చల్లబడి, తన నీరంతా పడమటి వాలులోనూ, శిఖరాల మీదా కుమ్మరిస్తుంది. అందుకే పైన దేవదారు చెట్లుంటాయి, మంచు పడుతుంది. కొండ దాటి తూర్పుకు దిగే గాలిలో ఇక తడి ఉండదు. పైగా దిగేకొద్దీ వేడెక్కుతుంది. కొండకు ఎండలో నీడ ఉన్నట్టే వానలో కూడా నీడ ఉంటుంది. మన అనంతపురానికి వాన ఎందుకు తక్కువో మీకు తెలుసు గదా? నైరుతి గాలి తెచ్చిన నీటిని పడమటి కనుమలు ముందుగానే దించుకోవటం వల్లనే. ఇక్కడా అదే కథ. వాన లేదు గనక పంట లేదు, పంట లేదు గనక ఊరు లేదు, ఊరు లేదు గనక లారీ లేదు. ఆ నిశ్శబ్దమంతా నీరు లేకపోవటం వల్ల వచ్చింది. కారు చెడిపోతే ఆ నిశ్శబ్దమే మనకు శత్రువు కావచ్చు.

సరే, బయలుదేరుదాం. మెక్సికాలి దాటగానే ఉప్పు పేరిన బయళ్ళు. పూర్వం కొలరాడో నది ఇక్కడ సముద్రంలో కలిసేది. ఎగువన ఆనకట్టలు కట్టి నీళ్ళు మళ్ళించిన తరువాత చాలా ఏళ్ళు నది సముద్రాన్ని చేరనే చేరటం లేదు. రెండు గంటల పైన ప్రయాణం చేస్తే శాన్ ఫెలీపే వస్తుంది. బెస్తవాళ్ళ ఊరు. ఇక్కడి సముద్రం ఒక వింత. సింధుశాఖ పొడుగ్గా, ఇరుకుగా ఉండి ఉత్తరాన మూసుకుపోయింది. ఊగుతున్న తొట్టిలో నీరు చివర గోడకు ఎగిసినట్టుగా, పోటునీరు ఈ మూసిన కొసన పేరుకుంటుంది. పౌర్ణమికీ అమావాస్యకూ పోటుకూ పాటుకూ మధ్య తేడా 6 మీటర్లకు మించి ఉంటుంది. అంటే రెండంతస్తుల మేడ ఎత్తు! పొద్దున నీళ్ళలో ఊగిన పడవ మధ్యాహ్నానికి ఇసుక మీద కూచుని ఉంటుంది. సముద్రం ఎక్కడో దూరాన ఒక గీతలాగా కనబడుతుంది. ఈ నీళ్ళలోనే వాకీటా అనే చిన్న సముద్రజంతువు ఉన్నది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. శాస్త్రజ్ఞులు దానికి 1958లో పేరు పెట్టారు. చేపల వలల్లో చిక్కి చచ్చి, ఇప్పుడు లెక్కకు పది దాకా మాత్రమే మిగిలాయి. మనకు కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

శాన్ ఫెలీపేలో కారు ఆపండి. ఇక్కడొక లెక్క చెయ్యాలి.

ఇక్కడి నుంచి చపాలా 220 కిలోమీటర్లు, అక్కడి నుంచి గెర్రెరో నెగ్రో 180. మొత్తం 400. మన కారులో నలుగురు మనుషులు, సామాను. లీటరుకు 10 కిలోమీటర్లు నడుస్తుందనుకోండి. ట్యాంకులో 42 లీటర్ల పెట్రోలు ఉన్నది. చాలుతుందా?

"420 కిలోమీటర్లకు సరిపోతుంది. ఇంకా రెండు లీటర్లు మిగులుతుంది" అన్నారా? లెక్క తప్పు లేదు. కాని అది ముందుకు పోయే లెక్క మాత్రమే. 215 కిలోమీటర్లు పోయిన తరువాత, ఇంక అయిదు కిలోమీటర్లలో చపాలా ఉన్నదనగా, రోడ్డు తెగిపోయి ఉన్నదనుకోండి. వెనక్కి తిరగాలి. పోవటానికి 215, రావటానికి 215. మొత్తం 430. శాన్ ఫెలీపే ఇంకా పది కిలోమీటర్లుండగా ఎడారిలో నిలబడిపోతారు!

ఇది ఊరికే భయపెట్టటానికి కట్టిన కథ కాదు. 2018లో సెప్టెంబరు చివరా, అక్టోబరు మొదటా "రోసా" అనే తుపాను వచ్చి ఈ రోడ్డు మీది వంతెనలు కొట్టుకుపోయాయి. వానే లేని చోట వరదేమిటంటారా? రాయలసీమ పిల్లలకు నేను చెప్పనక్కర లేదు. ఏడాదంతా ఎండి ఉన్న వాగు ఒక్క పూటలో ఎద్దుల బండిని తీసుకుపోవటం వారి తాతలు చూసే ఉంటారు. గట్టిపడిన ఎడారి నేల నీటిని ఇంకించుకోలేదు. చెట్టూ గడ్డీ ఆపవు. పైన కొండల్లో వాన పడితే, కింద మీ నెత్తిన నీలాకాశం ఉండగానే వాగు వచ్చి పడుతుంది. అందుకే రోడ్డు పల్లంలోకి దిగే చోట ఇసుకలో మకాం వేయరాదు. నీరు పారుతుంటే ఎంత లోతో తెలియకుండా కారు దించరాదు.

దారిలో గొన్సాగా అఖాతం దగ్గర పెట్రోలు పంపు ఒకటి లేకపోలేదు. కాని ట్యాంకరు రాని రోజున అది ఉండీ లేనట్టే. ఆ పంపును నమ్మి లెక్క వేయకూడదు. ఒక డబ్బాలో అయిదు లీటర్లు అదనంగా పోయించండి. అప్పుడు 470 కిలోమీటర్లు. ఇక ఏ దారికైనా ధీమాగా ఉండవచ్చు. మంచినీళ్ళు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున, నలుగురికి రెండు రోజులకు 32 లీటర్లు. ఇంత బరువెందుకని నాన్నగారు గొణిగితే ఈ పేజీ చూపించండి. కారు చెడితే నీళ్ళు వెతుక్కుంటూ నడిచిపోరాదు. కారు నీడనే కూచోవాలి. వెతికేవాళ్ళకు మనిషికన్నా కారు తొందరగా కనిపిస్తుంది.

పెద్దవాళ్ళకు ఇంకొక మాట. ఈ రోడ్డు మీద చీకటి పడ్డాక కారు నడపవద్దు. పగలు ఎండకు పొదల్లో దాగిన పశువులు రాత్రి రోడ్డెక్కుతాయి. తారు వెచ్చగా ఉంటుందని అక్కడే పడుకుంటాయి కూడా.

శాన్ ఫెలీపే దాటి 80 కిలోమీటర్లు పోతే పుయెర్తెసీతోస్. ఇక్కడ సముద్రపు ఒడ్డున రాళ్ళ గుంటల్లో వేడి నీటి ఊటలున్నాయి. పాటు వేళ వెళితే ఒళ్ళు కాలేంత వేడి. పోటు వేళ చల్లని సముద్రం గుంటలను ముంచేస్తుంది. మధ్య వేళ చూసుకుని దిగితే, వేడీ చల్లా కలిసి అమ్మ కాచిన స్నానపు నీళ్ళలాగా ఉంటుంది. ఈ స్నానానికి ముహూర్తం పెట్టేవాడు చంద్రుడు!

అక్కడి నుంచి కొండ అంచున దారి. ఎడమవైపు నీలం సముద్రంలో ఎర్రని, బూడిదరంగు దీవులు కనిపిస్తాయి. "మంత్రించిన దీవులు" అని వాటి పేరు. మనుషులు కాపురముండరు, పక్షులే ఉంటాయి. కారు ఆపి, ఇంజను కట్టేసి ఒక నిమిషం వినండి. నాకయితే ఈ ఒక్క నిమిషం కోసమే ఈ దారి పట్టవచ్చుననిపిస్తుంది.

ఇటీవలి దాకా ఇక్కడ తారు లేదు. మట్టి, రాళ్ళు. పైగా ఆ మట్టి మీద ఇంటికప్పు రేకులాగా అడ్డంగా గాళ్ళు పడి, కారులో ఉన్నవాళ్ళ పళ్ళు టకటక కొట్టుకునేవి. ఈ గాళ్ళు ఎవరూ తవ్వినవి కావు. చక్రాలే చేసినవి. వేగంగా పోయే చక్రం చిన్న మిట్ట తగలగానే ఎగురుతుంది, పడిన చోట గుంట చేస్తుంది, ఆ మట్టిని ముందుకు తోసి మరో మిట్ట పెడుతుంది. తరువాత వచ్చే బండి ఆ మిట్ట మీద ఎగురుతుంది. ఇట్లా బండి వెంట బండి కలిసి రోడ్డంతా అలలు పుట్టిస్తాయి. మరీ మెల్లగా నడిపితే అలలు పుట్టవని ప్రయోగాల్లో తేలింది. కాని ఎడారిలో నడక వేగంతో కారు నడిపే ఓపిక ఎవరికుంటుంది? ఇప్పుడు తారు పడింది. బీచిలకు దిగే బాటలు మాత్రం ఇసుకే. అక్కడ టైర్లలో కొంత గాలి తీసేస్తే అవి వెడల్పుగా పరుచుకుని, ఒంటె పాదంలాగా ఇసుకలో దిగబడవు. మళ్ళీ రోడ్డెక్కే ముందు గాలి కొట్టటం మరిచిపోకండి.

తారు పడటం మంచిదా, కాదా? ఒడ్డున కాపురముంటున్న బెస్తవాళ్ళ నడిగితే మంచిదే అంటారు. రోగం వస్తే ఆస్పత్రి దగ్గరైంది. నిశ్శబ్దం కోసం వచ్చేవాళ్ళు మాత్రం, రోడ్డు బాగుపడితే జనం పెరుగుతారని దిగులు పడతారు. రెండూ నిజమే. నేను బెస్తవాళ్ళ పక్షం.

గొన్సాగా దాటాక దారి సముద్రాన్ని విడిచి కొండల్లోకి ఎక్కుతుంది. ఇక్కడ చెట్లను చూస్తే నవ్వొస్తుంది. మూడు మనుషుల ఎత్తున, అయిదు మనుషుల ఎత్తున, తలకిందులుగా పాతిన ముల్లంగి దుంపల్లాగా నిలబడి ఉంటాయి. ఒళ్ళంతా ముళ్ళ పుల్లలు. కొన్ని వంగి విల్లులాగా కొనతో నేలను తాకుతాయి. గుడిలో వెలిగించే కొవ్వొత్తుల్లాగా ఉన్నాయని స్పానిష్ వాళ్ళు వీటిని "సీరియో" అన్నారు. 1922లో గాడ్‌ఫ్రే సైక్స్ అనే ఆయన దూరదర్శినిలో వీటిని చూసి "ఇది బూజమ్ అయి తీరాలి" అన్నాడు. "బూజమ్" లూయీ కారల్ అనే రచయిత ఒక హాస్యకావ్యంలో కల్పించిన జీవి. ఆలీస్ కథ రాసిన ఆయనే. దాంతో ఇంగ్లీషులో ఆ చెట్టు పేరు బూజమ్ చెట్టు అయింది. పక్కనే కార్దోన్ అనే మహాజెముడు. జెముడు జాతుల్లో అంత ఎత్తు పెరిగేది మరొకటి లేదు. ఒళ్ళంతా మడతలు. వాన పడ్డప్పుడు మడతలు విప్పుకుని ఉబ్బుతుంది, ఎండల్లో ఆ నీరు కొద్దికొద్దిగా వాడుకుంటూ మళ్ళీ ముడుచుకుంటుంది. మన డబ్బా పెట్రోలులాగే, దానికీ అదనపు నిల్వ ఉన్నదన్నమాట.

అదిగో, చపాలా. ఎదురుగా 1వ నంబరు రహదారి మీద లారీ హోరుమంటూ పోతున్నది. పొద్దుటి నుంచి మనం విన్న మొదటి పెద్ద చప్పుడు ఇదే. ఇప్పుడు పెట్రోలు ముల్లు చూడండి. శాన్ ఫెలీపేలో 42 లీటర్లు గదా, 22 ఖర్చయింది, 20 ఉన్నది. 180 కిలోమీటర్లకు కావలసింది 18. డబ్బాలో అయిదు లీటర్లు ముట్టుకోకుండా ఉన్నది. ఇక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి, మరిచిపోకండి. అటూ ఇటూ చూసి, లారీని పోనిచ్చి, ఎడమకు తిప్పండి. పొద్దు గూకే లోపల తిమింగలాల ఊరు చేరతాం.