ఎర్రజెండా, వల సంచీ

హైదరాబాద్‌లో గోపన్‌పల్లి, నల్లగండ్ల వైపు కొత్త అపార్ట్‌మెంట్లకు మారిన పాతతరం పాఠకుల సామాన్లలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఇంకా బయటపడుతుంటాయి. ప్రగతి ప్రచురణాలయం, ఆ తర్వాత రాదుగ వాటిని అచ్చువేస్తే, విశాలాంధ్ర చౌకగా ఊరూరా అమ్మింది. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ వంటివారు మాస్కోలోనే కాపురముండి అనువదించారు. ‘సోవియట్ భూమి’ పత్రికేమో మే డే, విప్లవ వార్షికోత్సవమైన నవంబర్ 7 ఊరేగింపులను రంగుల్లో మన ఇళ్లకు చేర్చింది.

ఆ ఫొటోల్లో పడనిది ఊరేగింపు ముందురోజు.

ఊరేగింపుకు ఎవరు రావాలో ఫ్యాక్టరీలో, ఆఫీసులో, కాలేజీలో పేర్లు రాసేవారు. నాయకుల చిత్రపటం ఎవరు మొయ్యాలో, ఎర్రబట్ట బ్యానరు ఎవరు పట్టాలో అక్కడే తేలేది. మోసినవారికి అదనపు సెలవిచ్చిన చోట్లూ ఉన్నాయి. పండగ ముందు సరుకుల పొట్లం కూడా పనిచేసే చోటనే అందేది: సాసేజీ, డబ్బా చేపలు, అదృష్టం బాగుంటే ఇన్‌స్టంట్ కాఫీ. వల సంచీ పట్టుకుని దుకాణాల ముందు గంటలకొద్దీ నిలబడ్డా దొరకని సరుకులవి. జీతం, ఇల్లు, పొట్లం అన్నీ ఒకే గుమ్మం నుంచి వచ్చేటప్పుడు ఊరేగింపుకు డుమ్మా కొట్టడం తేలిక కాదు. అలాగని అందరూ ఏడుస్తూ వెళ్లారనీ కాదు. పిల్లలు నాన్నల భుజాలెక్కి బెలూన్లు ఊపేవారు. తర్వాత ఎవరో ఒకరింట్లో ఆలుగడ్డ సలాడ్, వోడ్కా, పాటలు. మే 2 కూడా సెలవే.

ఏది పండగో తేల్చేది ప్రభుత్వమే. 1941 నవంబర్ 7న జర్మన్ సేనలు మాస్కో దాపుకొచ్చిన వేళ, రెడ్ స్క్వేర్‌లో కవాతు చేసిన సైనికులు అటునుంచటే యుద్ధానికి వెళ్లారు. అంత యుద్ధం గెలిచిన మే 9 మాత్రం 1947 చివరికల్లా పనిదినమైపోయింది. మళ్లీ సెలవు దక్కింది 1965లోనే.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టరు పేలింది. అక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని కీవ్‌లో, అయిదు రోజులకే మే డే ఊరేగింపు యథావిధిగా సాగింది. అందులో పిల్లలూ నడిచారు. 1990 మే డే నాడు రెడ్ స్క్వేర్‌లో జనం కేకలేస్తే సోవియట్ అధినేత గోర్బచేవ్ వేదిక దిగి వెళ్లిపోయారు.

మన అనువాదకులు మాస్కోలో ఏళ్ల తరబడి బతికారు. వారు ఏ క్యూలో నిలబడ్డారో, మే డే ఎలా గడిపారో ఇంటికి రాసిన ఉత్తరాలు కొన్ని కుటుంబాల దగ్గర ఉండే ఉంటాయి. వాటిని వెలికితీసి అచ్చువేయడం ఇక్కడి సాహిత్య పత్రికలు చేపట్టవలసిన పని.